గాంబియా పర్యాటక మంత్రికి: ఆ ఒక్క పూట భోజనం బయట పెట్టించండి



అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మీ సముద్రతీర హోటళ్లలో అతిథి దిగీ దిగగానే మణికట్టుకు బిగించే ప్లాస్టిక్ పట్టీ గురించి ఈ ఉత్తరం. మూడు పూటలా తిండి, అడిగినన్నిసార్లు పానీయాలు, అన్నీ ఇంగ్లండులోనో నెదర్లాండ్స్‌లోనో ముందే కట్టేసిన డబ్బులోనే. ఆల్ ఇన్‌క్లూజివ్ అని దానికి పేరు. దాన్ని మొత్తం ఎత్తెయ్యమని అడగడం లేదు. మధ్యాహ్న భోజనాన్ని మాత్రం అందులోంచి తప్పించండి. ఆ ఒక్క పూటైనా అతిథి ఆకలితో గేటు దాటాలి.

మీకు ఉత్తరం రాయడానికి నేనెవర్నంటారా? మాది కాకినాడ. ఇప్పుడు ఇంగ్లండులో ఉంటున్నాం. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడిపోయే ఊళ్లో ఉండేవాళ్లకి ఎండ మీద ఎంత యావ ఉంటుందో చెప్పనక్కర్లేదు. గాట్విక్ నుంచి ఆరు గంటల ప్రయాణం, గడియారం ముల్లు తిప్పుకోనక్కర్లేదు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన భయం లేదు అనగానే మా ఆయన టికెట్లు తీసేశారు. ఆయనకు గాంబియా అంటే ఎండ. నాకు కుంటా కింటే. అతని కథతో అలెక్స్ హేలీ 1976లో తెచ్చిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడుతరాలు’గా తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చు వేసింది. పుస్తకాల పురుగులైన తెలుగువాళ్లలో అది చదవనివాళ్లు అరుదు. మీ రాజధాని పేరు బాంజుల్ అని తెలియనివాళ్లకి కూడా కుంటా కింటే ఊరు జుఫూరె తెలుసు. కాబట్టి హోటలు బ్రోషరు కంటే చాలా ముందే మీ దేశం మా ఇంట్లో అలమారలో ఉంది.

మేం దిగింది కోటు బీచ్ వైపు. హోటలు పేరు రాయను, దాని ఒక్కదాని తప్పు కాదు కనక. గది శుభ్రం, మంచం మెత్తన, తోటలో ఎప్పుడూ ఏదో ఒక పిట్ట. దిగిన మర్నాడు పొద్దున్నే ఈతకొలను పక్కన స్వాగత సమావేశం అన్నారు. చేతికో గ్లాసు నారింజ రసం ఇచ్చి కూర్చోబెట్టారు. ట్రావెల్ కంపెనీ అమ్మాయి చాలా కలుపుగోలుగా మాట్లాడింది. బీచ్‌లో ఎవరైనా పలకరిస్తే ఆగొద్దట. పేరు చెప్పొద్దట. ఏ హోటల్లో ఉన్నామో అసలే చెప్పొద్దట. బయట తింటే కడుపుకు తమది పూచీ కాదట. అందరి మొహాలూ తగినంత వాడాక సంచిలోంచి రంగుల కాగితం తీసింది. తమతోనే వెళ్లాల్సిన విహారయాత్రల పట్టిక, పక్కన పౌండ్లలో ధరలు. ముందు భయం, తర్వాత బేరం. మా పక్క కుర్చీల్లో కూర్చున్న ముసలి దంపతులు ఆ తర్వాత హోటలు ప్రహరీ దాటడం నేను చూడలేదు.

ఇక ఆ నారింజ రసం సంగతి. హోటలు కుర్చీలు ఎంతవరకు ఉన్నాయో అంతవరకు ఇసుకలో కర్రలు పాతి తాడు కట్టారు. తాడు అవతల వరసగా చెక్క బడ్డీలు. ఒక్కో బడ్డీ మీద యజమాని పేరు, కింద ధరల బోర్డు. ఆ బడ్డీల్లో ఒకాయన, నా ఈడు మనిషే, నారింజను సన్న కత్తితో రెండు చెక్కలు చేసి, ఇనప మరలో బోర్లించి, తన బరువంతా మోపి పిడి నొక్కేవాడు. గింజలు జల్లెడలో ఆపి, గ్లాసును నా కళ్ల ముందే సీసా నీళ్లతో కడిగి పోసేవాడు. కడిగినట్టు నేను చూశానా లేదా అని ఓరగా చూసేవాడు కూడా. తమ గురించి సమావేశంలో ఏం చెబుతారో ఆయనకి బాగా తెలుసు మరి. తాడుకు ఇవతల నా చేతికిచ్చిన రసం మటుకు విదేశీ అట్టపెట్టెలోంచి పోసినది. నాలుగు బారల దూరంలో నారింజలు గుట్టపోసి ఉండగా, ఓడెక్కి వచ్చిన నారింజ రసం తాగించే ఏర్పాటును ఏమనాలి?

ఆ బడ్డీల వెనక కథ మీకు నాకంటే బాగా తెలుసు. ఒకప్పుడు పళ్లు, రసాలు అమ్మేవాళ్లు అతిథుల మీదికి ఒకరిని తోసుకుని ఒకరు వస్తున్నారని హోటళ్లు ఫిర్యాదు చేసేవి. 2000 ప్రాంతంలో మీ చిన్న వ్యాపారులు ఒక సంఘంగా కూడారు. బ్యాడ్జీలు పెట్టుకున్నారు, ధరలు రాసి పెట్టారు, ఎవరి వంతు ఎప్పుడో తామే రాసుకున్నారు. ఫిర్యాదులు తగ్గాయి, రాబడి పెరిగింది. ప్రపంచంలో బాధ్యతాయుత పర్యాటకం గురించి పాఠాలు చెప్పేవాళ్లు ఈ ఉదాహరణను ఇప్పటికీ చూపిస్తుంటారు. అంత చక్కగా సర్దుకున్న మనుషులకీ అతిథికీ మధ్య మళ్లీ తాడు ఎందుకొచ్చిందంటే, ఇవతల అన్నీ ఊరికే దొరుకుతున్నట్టు ఆ మణికట్టు పట్టీ భ్రమ పెడుతుంది కాబట్టి. డబ్బు ముందే కట్టేసినవాడు మళ్లీ జేబులో చెయ్యి పెట్టడు. వాణ్ణి తప్పుపట్టి లాభం లేదు, నేనైనా అంతే.

హోటలు బఫే గురించి ఎక్కువ చెప్పను. పొద్దున బీన్స్, మధ్యాహ్నం చిప్స్, రాత్రి పాస్తా. వారానికో రాత్రి ఆఫ్రికన్ నైట్ పేరుతో డప్పులు వాయించి, ఒక మూల చిన్న పళ్లెంలో బెనచిన్ పెట్టారు. అది కూడా కారం తీసేసి.

అసలు బెనచిన్ నేను తిన్నది సెరెకుండా వెళ్లే దారిలో, రేకుల కప్పు కింద నాలుగు బల్లలున్న చోట. ఒకే కుండలో చేప వేయించి తీసి, అదే నూనెలో టమాటా, ఉల్లి మగ్గించి, క్యాబేజీ, కర్రపెండలం, కాస్త చేదుండే ఒక రకం వంకాయ ఉడికించి, ఆ పులుసులోనే బియ్యం పోసి దించుతారు. ముద్ద నోట్లో పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది, అవి బియ్యం కాదు, నూకలు. పడమటి ఆఫ్రికా ఓడలకెక్కే బియ్యం బస్తాలను కాకినాడ రేవులో చూస్తూ పెరిగినదాన్ని. 2022 సెప్టెంబరులో మా ప్రభుత్వం నూకల ఎగుమతి ఆపేసి, మరుసటి ఏడాది మీ దేశానికీ సెనెగల్‌కూ ప్రత్యేకంగా కోటా ఇవ్వాల్సి వచ్చింది. అప్పట్లో అదొక వాణిజ్య వార్తగా చదివి పక్కన పెట్టాను. ఆ కుండ ముందు కూర్చుంటే గానీ ఆ వార్త ఎవరి పొయ్యి గురించో బుర్రకెక్కలేదు. వండినావిడకి నేనిచ్చిన డబ్బులో, మీ దలాసీల్లో, కొంత తాంజీ రేవులో చేప తెచ్చినవాడికి పోతుంది, కొంత కూరలు పండించే ఆడవాళ్లకి, కొంత ఆవిడ పిల్లల బడి ఫీజుకి. నా హోటలు చిప్స్ డబ్బు ఎటు పోయిందో అడిగితే చెప్పగలవాళ్లు మీ శాఖలో ఉన్నారా?

ఈ సలహా నా సొంత తెలివి కాదు. మీ ప్రభుత్వమే 1999లో ఆల్ ఇన్‌క్లూజివ్‌ను నిషేధించింది. అలాంటి పని చేయడానికి ఏ దేశమైనా జంకుతుంది. మరుసటి ఏడాదే ఎత్తేశారు. విదేశీ ట్రావెల్ కంపెనీలు మొహం తిప్పుకున్నాయి, అతిథులు తగ్గుతారన్నారు, హోటళ్లు గగ్గోలు పెట్టాయి. ఆనాటి ఓటమి వల్ల ఈ విషయం ఎత్తితేనే మీ శాఖలో వద్దు బాబోయ్ అంటారని అనుకుంటున్నాను. కానీ అప్పుడు చేసింది ఒక్క వేటుకు మొత్తం నరకడం. ఉన్న పింఛనుతో లెక్క చూసుకుని బయల్దేరే అరవై ఏళ్ల మనిషికి ఖర్చు ముందే తెలియడం పెద్ద భరోసా. ఆ భరోసా తీసేస్తే వాళ్లు కేప్ వెర్డ్‌కు పోతారు, నిజమే. అందుకే ప్యాకేజీ ధర అలాగే ఉంచి, మధ్యాహ్నం పూటకి కూపన్లు ఇప్పించమంటున్నాను. మీ టూరిజం బోర్డు వంటిల్లు చూసి, నీళ్లు పరీక్షించి, సర్టిఫికెట్ అతికించిన బయటి చోట్ల ఆ కూపన్ చెల్లాలి. రసం బడ్డీల్లో కూడా చెల్లాలి. అతిథికి అదనంగా పైసా ఖర్చు లేదు, కడుపు గురించి భయమూ ఉండదు. హోటలుకి మటుకు ఒక పూట వంట తగ్గుతుంది. చిప్స్ వేయించేవాళ్ల ఉద్యోగాలు పోతాయని హోటళ్లవాళ్లు మొదట మీ దగ్గరకి వస్తారు. వర్షాకాలంలో అదే వంటవాళ్లని జీతం లేకుండా ఇంటికి పంపేది ఎవరని అప్పుడు అడగండి.

ఆ ఇంటికి పంపడం గురించి మాకు చెప్పింది మా బల్ల చూసే అబ్బాయి. ఏప్రిల్ దాటితే గదులు ఖాళీ, మే నుంచి పని లేదు, అక్టోబరు చివర మళ్లీ పిలుస్తారో లేదో తెలియదు. అంతా నవ్వుతూనే చెప్పాడు. మీ దేశాన్ని ఆఫ్రికాలో నవ్వే తీరమని ప్రచారం చేసుకుంటారు కదా. ఎవరు కనబడ్డా నవ్వుతారు, అది నిజం, అందులో చాలావరకు మనసులోంచి వచ్చేదే. ఆరు నెలల జీతంతో పన్నెండు నెలలు గడిపే పిల్లాడు ఏడో నెల గురించి చెబుతూ కూడా నవ్వుతుంటే మటుకు ఆ ప్రచారం రాసినవాళ్ల మీద నాకు కోపం వచ్చింది.

హాలెండులోనో బ్రిటన్‌లోనో ఒక కంపెనీ తుమ్మితే మీ తీరమంతా జ్వరపడే పరిస్థితి ఈ పట్టీ వల్లే వచ్చిందని నా నమ్మకం. 2014లో మీ దేశంలో ఒక్క ఎబోలా కేసు కూడా లేదు, అయినా పక్క దేశాల పేరు చెప్పి జనం రావడం మానేశారు. 2017 జనవరిలో అధ్యక్షుడు జామే గద్దె దిగనన్నప్పుడు వేలమంది పర్యాటకులను రోజుల్లో విమానాలెక్కించి తీసుకుపోయారు. 2019 సెప్టెంబరులో బ్రిటన్ ట్రావెల్ కంపెనీ థామస్ కుక్ కూలితే ఆ చలికాలం సీజన్ సగం ముందే పోయినట్టయింది. ఊరితో పరిచయం ఉన్న అతిథి ఇలాంటప్పుడు ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతాడు, మరుసటి ఏడాది వస్తాడు. ప్రహరీ లోపలే గడిపి వెళ్లినవాడికి గాంబియా అయినా ఒకటే, టర్కీ అయినా ఒకటే. ఎక్కడ చవకైతే అక్కడ ఈతకొలను.

బీచ్‌లో వెంటపడే కుర్రాళ్ల గురించి కూడా అందరూ మీకు ఫిర్యాదు చేస్తుంటారు. నేనూ చెప్పక తప్పదు, విసుగే. “మమా, గుర్తుపట్టలేదా, మీ హోటలు వంటింట్లో పనిచేస్తాను” అని మొదటి రోజే ఒకడు. అదే మాట మర్నాడు ఇంకొకడు. ఆ వంటింట్లో ఎంతమంది ఉంటారో అని మా ఆయన లెక్కపెట్టడం మొదలెట్టారు. వాళ్లను తరమడానికి మీరు సైనికుల్నీ పోలీసుల్నీ కలిపి ప్రత్యేకంగా ఒక దళాన్నే పెట్టారు. తుపాకీ భుజాన వేసుకుని ఇసుకలో తిరిగే కుర్రాడూ, వాణ్ణి చూసి చెట్ల చాటుకి తప్పుకునే కుర్రాడూ ఒకే ఈడువాళ్లు, బహుశా ఒకే బడిలో చదివినవాళ్లు. తప్పుకున్నవాడికి తెలిసిన ఇంకో దారి లిబియా ఎడారి మీదుగానో, కానరీ దీవుల వైపు పడవ మీదో. దాన్ని మీవాళ్లు బ్యాక్ వే అంటారు. 2019 డిసెంబరులో మీ తీరం నుంచి బయల్దేరిన పడవ మౌరిటేనియా దగ్గర మునిగి 60 మందికి పైగా పోయారు. మేం విమానంలో సినిమా చూస్తూ దాటి వచ్చిన దూరం అది. లైసెన్సున్న గైడ్లుగా మార్చిన కుర్రాళ్లని కోటు వంతెన దగ్గర చూశాను, పిట్టల కోసం వచ్చిన తెల్లవాళ్లు వాళ్ల వెనక బుద్ధిగా నడుస్తున్నారు. మీ దేశంలో 500కు పైగా జాతుల పక్షులున్నాయట. బైనాక్యులర్ లేకుండానే ఆకుల్లో కదిలేదేమిటో చెప్పగలిగే కుర్రాడికి తుపాకీ దళం అవసరం రాలేదు.

హోటలు వెనక గేటు కాపలాదార్లు రాత్రిళ్లు అట్టాయ కాస్తారు. బొగ్గుల కుంపటి మీద అరచేతంత కెటిల్, అందులో గుప్పెడు చైనా గ్రీన్ టీ, చాలా పంచదార. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తునుంచి పోస్తూ నురగ తెప్పిస్తారు. మొదటి వాయ చేదు, తర్వాతి వాయలు తియ్యన. రెండు వాయల మధ్య చాలా సమయం పడుతుంది, కాబట్టి మాటలు తప్పవు. ఇండియానా అని అడిగాడు పెద్దాయన. అవునన్నాను. సినిమాల గురించి కాసేపు మాట్లాడి, ఊరుకుని, మందు గురించి అడిగాడు. 2022లో మీ పసిపిల్లలు దాదాపు 70 మంది మూత్రపిండాలు దెబ్బతిని చనిపోవడం, ఆ అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ మా దేశంలో తయారైన నాలుగు సిరప్‌ల మీద హెచ్చరిక చేయడం నాకూ తెలుసు. తెలుసు అన్నాను. అంతకు మించి నా దగ్గర మాట లేదు. ఆయన వాళ్ల వీధిలో ఒక పాప గురించి చెప్పాడు. ఆ వివరం ఇక్కడ రాయను, అది ఆ ఇంటివాళ్లది. చెప్పి, నా గ్లాసు తీసుకుని రెండో వాయ పోశాడు. ఈతకొలను పక్కన నా చేతికి పట్టీ ఉన్నంతసేపూ ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు, అడగనివ్వరు కూడా. అలాంటి ప్రశ్న ఎదురవని సెలవు బావుంటుందేమో గానీ, మీ దేశానికి వచ్చినట్టు కాదు.

సముద్రం గురించి ఒక్క మాట. కొలోలి దగ్గర 2003–04లో ఇసుక తోడిపోసి బీచ్ పెంచారు, కొన్నేళ్లకే అల లాక్కుపోయింది. దక్షిణాన గుంజూర్, సాన్యాంగ్, కార్టాంగ్‌లలో ఫిష్‌మీల్ కర్మాగారాలు పెట్టారు. చెరువుల గట్ల మీద పుట్టి పెరిగిన గోదావరి జిల్లాలవాళ్లకి ఫిష్‌మీల్ వాసన ఎంత దూరం కొడుతుందో వేరే చెప్పాలా? ఊళ్లో వాళ్ల కంచంలోకి రావాల్సిన చేపను పొడి కొట్టి ఓడెక్కిస్తే, నేను చెప్పే బయటి భోజనంలో చేప ఎక్కడిది? ఇవి మీ శాఖ కింద రావని తెలుసు. మంత్రివర్గంలో మీ పక్క కుర్చీ ఎవరిదో వాళ్లతో చెప్పండి.

చివరగా జుఫూరె. ‘ఏడుతరాలు’ చదివినవాళ్ల తరఫున ఇది నేను అడిగి తీరాలి. పడవ మీద నది దాటి అల్‌బ్రెడాలో దిగాం, గొలుసులు తెంచుకుని చేతులెత్తిన మనిషి విగ్రహం చూశాం, మ్యూజియం చూశాం, నడుచుకుంటూ జుఫూరె వెళ్లాం. తర్వాత, ఒకప్పుడు జేమ్స్ ద్వీపం అనే పేరుండి, 2011లో కుంటా కింటే ద్వీపమైన ఆ చిన్న మట్టిగడ్డకి. 2003 నుంచి అది యునెస్కో జాబితాలో ఉంది. నది దాన్ని ఏటా కొరుక్కు తింటోంది. కోట గోడలూ బావోబాబ్ చెట్లూ మిగిలాయి. ఊళ్లో మాత్రం మేమున్నది కొద్దిసేపే. పిల్లలు చేతులు పట్టుకున్నారు, ఆడవాళ్లు పూసల దండలు చూపించారు, ఎక్కడ చూసినా చందా పెట్టెలు. ప్రపంచమంతా పేరు తెలిసిన ఊరికి అడుక్కునే గతి ఏమిటా అని నాతో వచ్చినవాళ్లలో ఒకరు గొణిగారు. సమాధానం పడవ ఎక్కగానే తెలిసింది. మా భోజనం పడవ మీదే ఉంది, బాంజుల్ నుంచి వండి తెచ్చిన చికెన్, అన్నం. టికెట్ ధరలో చేరినదేనట.

కూపన్ల పథకానికి కమిటీలు, చర్చలు, హోటళ్లతో సంప్రదింపులు పడతాయి, ఒప్పుకుంటాను. ఇది మటుకు వచ్చే నవంబరుకే చేయొచ్చు. యాత్ర పడవలకి ఇచ్చే లైసెన్సులో ఒక వాక్యం చేర్పించండి, మధ్యాహ్న భోజనం జుఫూరెలోనో అల్‌బ్రెడాలోనో ఊళ్లోవాళ్లు వండి పెట్టిందే కావాలని. వేరుశనగ ముద్దతో చేసే మీ దొమోద వండించండి, గోంగూర చుట్టమైన ఆ ఎర్రపూల వొంజో పానీయం పోయించండి. పడవ నిండా వచ్చే యాత్రికులకి సరిపడా వండగలిగినవాళ్లు అంత చిన్న ఊళ్లో ఎక్కడున్నారని మీ అధికారులు అడుగుతారు. ఆ ఊళ్లో పెళ్లిళ్లకి వండేది ఎవరో కనుక్కోమనండి.

ఇట్లు,
కాకినాడ నుంచి వచ్చి ఇంగ్లండులో ఉంటున్న ఒక ‘ఏడుతరాలు’ పాఠకురాలు